లిథియం డీలర్‌షిప్ తీసుకోమంటావా?

మొన్న ఆదివారం నాన్న వాట్సాప్‌లో ఒక పీడీఎఫ్ పంపి, వెంటనే ఫోన్ చేశాడు. "అబ్బాయ్, దీనిమీద మేడ్ ఇన్ ఇండియా అని వేశాడు. నిజమేనా? డిపాజిట్ 6 లక్షలంట."

ఒంగోల్లో మాది ఇన్వర్టర్ బ్యాటరీల షాపు. నాన్న చొక్కాలన్నిటికీ యాసిడ్ చిల్లులే. నేను హైదరాబాద్‌లో బ్యాటరీ ప్యాకులకి సాఫ్ట్‌వేర్ రాస్తా కాబట్టి, మా ఇంట్లో లిథియం ఎక్స్‌పర్ట్‌ని నేనే! ఆ 6 లక్షలు మాత్రం చెల్లి పెళ్లికని దాచినవి. నోటికొచ్చింది చెప్పేసి ఫోన్ పెట్టేసే వ్యవహారం కాదు.

"ప్యాక్ ఇక్కడిదే నాన్నా. లోపలి సెల్ మాత్రం చైనాది అయ్యుంటుంది" అన్నాను. మా ఆఫీసులో జరిగేదీ అదే. సెల్స్ దిగుమతి చేసుకుంటాం, వెల్డింగ్ చేస్తాం, బోర్డు పెడతాం, పెట్టెలో బిగిస్తాం. అబద్ధం కాదు, అలాగని పూర్తి నిజమూ కాదు.

"మరి గవర్నమెంటు వేల కోట్లు ఇస్తోందన్నారుగా?"

ఇస్తోంది. 2021 మేలో కేంద్రం 18,100 కోట్లతో పీఎల్ఐ స్కీం తెచ్చింది. లక్ష్యం 50 గిగావాట్ అవర్ల సెల్ ఫ్యాక్టరీలు. కిలోవాట్ అవర్‌కి గరిష్ఠంగా 2,000 రూపాయలు, అదీ సెల్ తయారుచేసి అమ్మాకే. విలువలో 25 శాతం రెండేళ్లలో, 60 శాతం ఐదేళ్లలో దేశంలోనే పుట్టాలని షరతు. కాగితం మీద చక్కగానే ఉంది. కానీ 2022లో ఎంపికైనవాళ్లలో ఒకరు తప్పుకున్నారు, 10 గిగావాట్ అవర్లకి మళ్లీ టెండర్ పిలవాల్సి వచ్చింది. షెడ్డు కట్టడం తేలికే. రేకు మీద పొడిని మైక్రాన్ల లెక్కన సమంగా పూయడం, తేమ లేని గదిలో ఆ పని రోజూ తప్పులేకుండా చేయడం కష్టం. ఆ మెషీన్లూ చాలావరకు చైనావే. పైగా 2025 జులైలో చైనా క్యాథోడ్ టెక్నాలజీ ఎగుమతి మీద ఆంక్షలు పెట్టింది. నన్నడిగితే, సెల్‌కి డబ్బులు ప్రకటించిన రోజే ఆ పొడి ఫ్యాక్టరీల గురించీ గట్టిగా ఆలోచించాల్సింది. అన్నం వండమని డబ్బులిచ్చి, బియ్యం పక్కింట్లో తెచ్చుకోమన్నట్టుంది.

"అమరరాజా వాళ్లు పెడుతున్నారుగా?" అన్నాడు నాన్న. తిరుపతి పక్కన లెడ్ బ్యాటరీలతో ఎదిగిన కంపెనీ కదా, ఆయనకదో ధైర్యం. అవును, పీఎల్ఐ తుది జాబితాలో లేకపోయినా మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో 2023 మేలో శంకుస్థాపన చేశారు. పదేళ్లలో 9,500 కోట్లు, 16 గిగావాట్ అవర్లు అన్నారు. పదేళ్లు! మా చెల్లి పెళ్లి వచ్చే ఏడాదే.

నాన్న కాసేపు మాట్లాడలేదు. తర్వాత అడిగాడు, "సరే, పాత బ్యాటరీ తెస్తే నేను కిలో లెక్కన కొంటా. సీసం కరిగించి మళ్లీ వాడతారు. మరి ఈ లిథియంది పాతదైతే ఎంతకి తీసుకోవాలి?"

నేనిన్నేళ్లు ఛార్జింగ్ శాతం లెక్కలు రాశా గానీ, ఈ లెక్క ఎప్పుడూ వేయలేదు. పాత బ్యాటరీలు వెనక్కి తీసుకునే బాధ్యత తయారీదారులదేనని 2022 రూల్స్‌లో ఉంది. పీడీఎఫ్ మళ్లీ మొదటినుంచీ చదివా. 14 పేజీల్లో ఆ ముక్కే లేదు.

సోమవారం నాన్న వాళ్లకి ఫోన్ చేసి అదే అడిగాడు. కనుక్కుని చెప్తామన్నారట. డబ్బులింకా ఎఫ్‌డీలోనే ఉన్నాయి.