ఎక్కని విమానాలు

మా ఇంట్లో డార్ట్ ఇంజను గొంతు గుర్తుపట్టలేనివాళ్లు లేరు. విమానం ఎక్కినవాళ్లూ లేరు. బేగంపేట రన్‌వేకి కూతవేటు దూరంలో అద్దెకున్న గుమాస్తా కుటుంబం మాది. అరవైల చివర్లో విమానం టికెట్టంటే మంత్రులకూ మిల్లు యజమానులకూ సంబంధించిన వ్యవహారం. చప్పుడు మాత్రం అందరికీ ఉచితం.

డార్ట్ అంటే రోల్స్‌రాయిస్ వాళ్ల టర్బోప్రాప్ ఇంజను. ముందు పంకా తిరుగుతున్నా దాన్ని తిప్పేది టర్బైను. అందుకే పాత పిస్టన్ ఇంజన్ల దడదడ దానికి లేదు. సన్నగా, చెవిలోకి దూరిపోయే కీచు ఉంటుంది. అప్పట్లో ఇండియన్ ఎయిర్‌లైన్స్ నడిపిన విమానాల్లో మూడింటికి, అంటే వైకౌంట్‌కూ ఫ్రెండ్‌షిప్‌కూ ఆవ్రోకూ, ఇదే ఇంజను. వైకౌంట్‌కు నాలుగు, మిగతా రెంటికీ రెండేసి. కీచు వినబడగానే మా అన్నదమ్ముల మధ్య పందెం మొదలయ్యేది. నాలుగింజన్లదైతే వినగానే తెలిసిపోయేది. రెండైతే డాబా మీదికి పరిగెత్తి చూడాలి: రెక్క వీపు మీద ఉంటే ఫ్రెండ్‌షిప్, పొట్ట కింద ఉంటే ఆవ్రో. మా అమ్మ మాత్రం పోపు వేస్తూ, వంటింట్లోంచి కదలకుండానే చెప్పేసేది. ఎలా చెప్పేదో ఎన్నిసార్లు అడిగినా "చెవులున్నాయి కదరా" అనేది తప్ప కిటుకు బయటపెట్టలేదు.

ఆవ్రో మీద మాకు కొంచెం పక్షపాతం. నమూనా ఇంగ్లీషు వాళ్లదే అయినా కట్టింది కాన్పూరులో. అక్కడ తయారైన మొదటి విమానం 1961 నవంబరులో ఎగిరింది. కానీ అందం మాటకొస్తే వైకౌంట్ ముందు ఏదీ ఆగదు. దాని కిటికీలు కోలగా, ఇంతింత పెద్దవి. నేల మీద నిలబడ్డవాళ్లకు లోపలి మనిషి ముఖం నుదుటి నుంచి గడ్డం దాకా కనిపించేది. ఆ తర్వాత వచ్చిన ఏ విమానమూ బయటివాళ్ల గురించి అంత ఆలోచించలేదు.

వీటన్నిటికీ పెద్దన్న డకోటా. మేం చూసేసరికే దాని వయసు మళ్లిపోయింది. 1935 డిసెంబరు 17న మొదటిసారి ఎగిరిన డీసీ-3కి రెండో ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ వైమానిక దళం పెట్టుకున్న పేరది. యుద్ధం ముగిశాక మిగిలిపోయిన డకోటాలు చవగ్గా అమ్మకానికొచ్చాయి. మన దేశంలో డబ్బున్నవాళ్లు వాటిని కొని కంపెనీలు తెరిచారు. అలా పుట్టినవాటిలో నిజాం ప్రభుత్వమూ టాటాలూ కలిసి పెట్టిన దక్కన్ ఎయిర్‌వేస్ ఒకటి, మన హైదరాబాదుది. డకోటా నేల మీద ఉన్నప్పుడు కూర్చున్న కుక్కపిల్లలా ముక్కు పైకెత్తి, తోక నేలకానించి ఉంటుంది. తలుపు వెనకవైపు. ఎక్కినవాడు తన సీటు దాకా ఎగువకు నడవాల్సిందే.

దక్కన్ ఎయిర్‌వేస్ పేరు చరిత్రలో నిలబడాల్సింది ఇంకో కారణానికి. ప్రేమ్ మాథుర్ అనే యువతి పైలట్ లైసెన్సు తెచ్చుకుని ఉద్యోగానికి కంపెనీల చుట్టూ తిరిగింది. ఆడపిల్ల విమానం నడుపుతోందని తెలిస్తే ప్రయాణికులు భయపడతారని తిప్పి పంపారు. 1947లో తీసుకున్నది మన దక్కన్ ఎయిర్‌వేస్. 1949లో ఆమె జాతీయ విమాన పందెం గెలిచింది. ఇవాళ బేగంపేట ఫ్లైఓవర్ కింద ట్రాఫిక్‌లో ఇరుక్కున్నప్పుడల్లా, ఈ ఊళ్లో ఇన్ని కూడళ్లకు ఇంతమంది పేర్లు పెట్టారు, ఆమె పేరు ఒక్కదానికీ ఎందుకు తట్టలేదో అనుకుంటాను.

1953 ఆగస్టు 1న ప్రభుత్వం ఎనిమిది కంపెనీలను కలిపి ఇండియన్ ఎయిర్‌లైన్స్ చేసింది. దక్కన్ ఎయిర్‌వేస్ అందులో కలిసిపోయింది. డకోటాలు మాత్రం కొత్త రంగు వేసుకుని పాత పనే చేశాయి. ఆ పనుల్లో నాకు అన్నిటికన్నా ఇష్టమైనది రాత్రి టపా. 1949లో మొదలైన ఏర్పాటు అది. ఢిల్లీ, బొంబాయి, కలకత్తా, మద్రాసుల నుంచి రాత్రి ఒక్కో విమానం బయల్దేరి నడిరేయికి నాగపూరు చేరేవి. అక్కడ నాలుగూ సంచులు మార్చుకుని, తెల్లారేసరికి ఎవరి ఊరికి అవి తిరిగి చేరేవి. అదే ఏడాది నుంచి, దేశంలో మామూలు ఉత్తరమైనా విమానంలో పంపితే తొందరగా చేరేటట్టుంటే తపాలా శాఖ అదనపు రుసుం లేకుండానే పంపసాగింది.

దీని అర్థం ఆలోచించండి. మా తాతయ్య జన్మలో బెజవాడ దాటి రెండు మూడుసార్లకు మించి వెళ్లినవాడు కాదు. ఆయన రాసిన ఉత్తరాలు మాత్రం డకోటా ఎక్కి ఉండాలి, ఢిల్లీలో ఉన్న కొడుకు కోసం. మద్రాసు నుంచి నాగపూరుకు పటం మీద గీత గీస్తే అది మన నేల మీదుగానే పోతుంది. పీడనం నింపని విమానం గనక మరీ ఎత్తుకు పోలేదు. తను రాసిన ఉత్తరం తన పొలం దరిదాపుల్లోంచే రాత్రి ఎగిరి వెళ్తోందని తాతయ్యకు తెలిసుంటే నవ్వేవాడో, దస్తూరీ ఇంకొంచెం బాగా రాసేవాడో.

1969లో మా చిన్న మామయ్య అమెరికా బయల్దేరాడు. అతన్ని సాగనంపడానికి సగం బంధువర్గం బొంబాయి రైలెక్కింది. ఒక్క మనిషి ఎగరడానికి డజనుమంది పులిహోర పొట్లాలతో శాంతాక్రజ్ విమానాశ్రయం చేరడం ఆ రోజుల్లో ఎవరికీ విడ్డూరం కాదు. సందర్శకుల గ్యాలరీ ఉండేది. చిన్న టికెట్టు కొనుక్కుని రెయిలింగు పట్టుకుని ఎంతసేపైనా నిలబడవచ్చు. అక్కడే మొదటిసారి కారవెల్‌ను చూశాను. ఫ్రెంచి విమానం, ఇంజన్లు రెండూ తోక దగ్గర, కిటికీలు మూలలు నున్నగా చేసిన ముక్కోణాలు. మెట్లు తోక కిందినుంచి దిగుతాయి. సామాను మోసే మనిషి వచ్చి లాగాల్సిన పని లేకుండా విమానమే తన మెట్లు తను దించుకోవడం మాకు మహా వింతగా తోచింది.

మామయ్యది ఎయిర్ ఇండియా బోయింగ్ 707. 1960లో ఆ సంస్థ దాన్ని తెచ్చినప్పుడు ఆసియాలో జెట్ నడిపిన మొదటి సంస్థల వరసలో నిలిచింది. ఒక్కోదానికి ఒక్కో హిమాలయ శిఖరం పేరు పెట్టారు. నాన్న కళ్లజోడు సవరించుకుని ముక్కు దగ్గరి అక్షరాలు చదివి "అన్నపూర్ణ" అన్నాడు. అమ్మమ్మ వెంటనే దండం పెట్టింది. "ఇంకేం, పిల్లాడికి తిండికి లోటుండదు" అంది. చాలా ఏళ్ల తర్వాత మామయ్యను అడిగితే తను ఎక్కినదానికి పేరున్నట్టే అతనికి గుర్తు లేదు. ఏం తిన్నావంటే మాత్రం గంట చెప్పాడు.

అప్పుడు అర్థమైంది, ఈ విమానాలు ఎక్కినవాళ్లవి కావు. ఎక్కినవాడికి సీటూ, ట్రేలో భోజనమూ, చెవుల్లో దిబ్బడా దక్కుతాయి. రెక్క మీద ఎండ పడటం, చక్రాలు మడుచుకోవడం, తోక మీది గుర్తు చిన్నదైపోవడం గ్యాలరీ వాళ్లవి.

ఎయిర్ ఇండియాకు ఆ సంగతి తెలుసనిపిస్తుంది. లేకపోతే టికెట్టు కొనే స్తోమత లేనివాళ్ల ఇళ్లల్లో కూడా దాని ప్రచార బొమ్మ మహారాజా ఎందుకుంటాడు? 1946లో బాబీ కూకా ఊహలోంచి, ఉమేశ్ రావు గీతలోంచి వచ్చిన ఆ మీసాలాయన క్యాలెండర్లలో, స్టిక్కర్లలో ప్రతి గోడకూ చేరాడు. మామయ్య తొలిసారి తిరిగొచ్చినప్పుడు తెచ్చిన విమానం సంచీ మా ఇంట్లో బడి సంచీగా మొదలై, కూరగాయల సంచీగా మారి, చివరికి నాన్న పనిముట్లు దాచుకునే సంచీ అయింది. 1971లో వచ్చిన 747కైతే పేరు ఎంపరర్ అశోకా, కిటికీల చుట్టూ బయటివైపు రాజస్థానీ ఝరోకా కమానుల రంగులు. లోపల కూర్చున్నవాడికి ఆ కమాను కనబడనే కనబడదు. అది ఎవరి కోసం వేసినట్టు?

ఈ ముచ్చటలో చాలాసార్లు చెప్పకుండా దాటేసే భాగం ఒకటుంది. ఆ అందమైన విమానాలు తరచుగా కూలేవి. 1948 జూన్‌లో బొంబాయి నుంచి లండన్‌కు తొలి ప్రయాణం చేసి పత్రికలకెక్కిన కాన్‌స్టెలేషన్ మలబార్ ప్రిన్సెస్ 1950 నవంబరులో ఫ్రాన్స్‌లో మౌంట్ బ్లాంక్‌ను గుద్దుకుంది. 1966 జనవరిలో అదే కొండను గుద్దుకుంది 707 కాంచన్‌జంగా. అణుశాస్త్రవేత్త హోమీ భాభా పోయింది అందులోనే. ఆ కొండ మంచు కరిగినప్పుడల్లా ఏదో ఒకటి బయటపడుతూనే ఉంది. 2012లో దౌత్య టపా సంచీ దొరికింది, 2020లో ఇందిరాగాంధీ ఎన్నిక వార్తతో 1966 నాటి పత్రికలు దొరికాయి. ఎంపరర్ అశోకా 1978 కొత్త సంవత్సరం రోజున బొంబాయి ఒడ్డునే సముద్రంలో పడింది. 213 మంది. విమానం ఎటు ఒరిగిందో చూపే పరికరం ఒకటి పాడైంది, బయట చీకటి. ఇవాళ్టి విమానాలు ఒకదానికొకటి తేడా తెలియకుండా ఉంటాయని విసుక్కుంటాను గానీ, కూతురు ప్రయాణమైన రోజున మాత్రం ఆ తేడాలేనితనమే నాకు కావాలి.

గ్యాలరీలు పోవడానికీ కారణం లేకపోలేదు. 1971 జనవరిలో గంగ అనే ఫ్రెండ్‌షిప్‌ను శ్రీనగర్ నుంచి వస్తుండగా హైజాక్ చేసి లాహోర్ తీసుకుపోయి తగలబెట్టారు. ఆ దశకమంతా అలాంటివి జరుగుతూనే ఉన్నాయి. మెల్లగా తనిఖీలు పెరిగాయి, గ్యాలరీల తలుపులు మూతబడ్డాయి.

నేను ఎక్కినది చివరికి 737, బేగంపేట నుంచే, ఆఫీసు ఖర్చు మీద. రిటైరైన నాన్నను మరుసటి ఏడాది నా డబ్బుతో ఢిల్లీ తీసుకెళ్తానంటే ఆయన ఒప్పుకోలేదు. "లోపల కూర్చుంటే విమానం కనబడదు కదరా" అన్నాడు.

బేగంపేటలో ప్రయాణికుల విమానాలు 2008 మార్చిలో ఆగిపోయాయి. అందరం శంషాబాదుకు మారాం. వీడ్కోలు వ్యాన్లు మాత్రం ఇప్పటికీ మానలేదు. ఆగస్టు నెలలో చూడండి, అమెరికా చదువులకు వెళ్లే ఒక్కో పిల్లాడి వెనక వరంగల్లు నుంచో ఖమ్మం నుంచో వ్యాను నిండా మనుషులు. అద్దాల తలుపు దగ్గర ఆపేస్తారు, విమానం తోక కూడా కనబడదు. అయినా ఎవరూ వెంటనే కదలరు. ఫోన్లు తీస్తారు.

మొన్న మా అన్న మనవడు వెళ్లినప్పుడు వదిన రాత్రంతా నిద్రపోకుండా ఫోన్‌లో విమానాలు కదిలే పటం చూస్తూ కూర్చుంది. పొద్దున్న నేను లేచేసరికి "ఇరాక్ దాటాడు మరిదీ, టర్కీ వైపు తిరిగాడు" అంది.

"ఏ విమానం వదినా? ఎయిర్‌బస్సా, బోయింగా?" అన్నాను.

వదిన ఫోను దగ్గరికి తెచ్చుకుని జాగ్రత్తగా చూసి చెప్పింది: "పసుపుపచ్చది."