గడప దగ్గరి స్వస్తికం, విమానపు తోకపై స్వస్తికం

చిహ్నానికి అర్థం దాని రేఖలలో ఉంటుందా, లేక దానిని ధరించినవారి ఆచరణలో ఉంటుందా అన్న ప్రశ్న శబ్దార్థ విచారమంత ప్రాచీనమైనది. హైదరాబాదులో ఒక విశ్రాంత గణితోపాధ్యాయుని ఇంట ఆ ప్రశ్న గత శ్రావణంలో ఒక బాలుని నోట వెలువడింది. దానికి నిమిత్తమైనవి రెండు బొమ్మ విమానాలు.

ఉద్యోగ విరమణానంతరం ఆయన స్వీకరించిన వ్యాపకం ద్వితీయ ప్రపంచయుద్ధ కాలపు యుద్ధవిమానాల నమూనాలను నిర్మించడం. 9.92 మీటర్ల రెక్కల విస్తృతి గల మెసర్‌ష్మిట్ బీఎఫ్ 109జి, నలభై ఎనిమిదింట ఒక వంతు ప్రమాణంలో సుమారు 20.7 సెంటీమీటర్లకు కుదించుకుపోతుంది. ప్లాస్టిక్ ముక్కలను అతికి రంగు వేసినంత మాత్రాన అది ఏ దేశపు విమానమో, ఏ దళానిదో తెలియదు. ఆ గుర్తింపును ప్రసాదించేవి డెకాల్స్, అనగా కాగితంపై ముద్రితమై, నీటిలో తడిపినప్పుడు జారి వచ్చే అతి పలుచని పొరలు.

వాటిని అంటించడం సహనాన్ని పరీక్షించే కార్యం. మెరుపులేని రంగు ఉపరితలం సూక్ష్మంగా గరుకై ఉంటుంది. దానిపై నేరుగా అంటిస్తే పొర క్రింద గాలి చిక్కి, వెండి పూతవలె తెల్లగా మెరిసి, అది అంటించినదేనన్న రహస్యాన్ని బయటపెడుతుంది. అందుచేత ముందుగా మెరిసే వార్నిష్ పూయాలి. పిమ్మట డెకాల్‌ను నీటిలో తడిపి, కుంచె మొనతో జార్చి, స్థానంలో నిలిపి, మెత్తబరిచే ద్రావణం తాకించాలి. అప్పుడది రేకుల అతుకులలోనికి, మేకుల గుంటలలోనికి ఒదిగిపోతుంది. చివర మెరుపులేని వార్నిష్ పూస్తే పొర అంచులు అదృశ్యమవుతాయి. చిహ్నం విమానంతోనే పుట్టినట్లు భాసిస్తుంది.

ఆయన బల్లపై ఆ మాసంలో రెండు బీఎఫ్ 109జి నమూనాలున్నాయి: ఒకటి జర్మన్ వాయుసేనది, రెండవది ఫిన్లాండ్ వాయుసేనది. జర్మన్ విమానపు డెకాల్ పత్రంలో రెక్కల శిలువ గుర్తులు యథాతథంగా ఉన్నాయి కాని, తోకపై ఉండవలసిన స్వస్తికం మాత్రం రెండు ఖండాలుగా ముద్రితమై ఉంది. జర్మనీ శిక్షాస్మృతిలోని 86ఎ విభాగం ఆ చిహ్నపు బహిరంగ ప్రదర్శనను నిషేధించింది. కనుక తయారీదారులు దానిని పూర్తిగా వదిలివేయడమో, ముక్కలుగా ముద్రించడమో పరిపాటి. ఖండాలను కలపాలా వద్దా అన్న నిర్ణయం నిర్మించేవాని చేతిలో మిగులుతుంది.

ఆ సమయంలోనే మ్యూనిక్‌లో నివసించే కుమార్తె, పదకొండేళ్ళ కుమారునితో సెలవులకు వచ్చింది. మరునాడు శ్రావణ శుక్రవారం. ఉపాధ్యాయుని భార్య గడపకు పసుపు పూసి, తలుపుపై కుంకుమతో స్వస్తికం వేసి, నాలుగు మూలలా నాలుగు చుక్కలు పెట్టింది. బయటి నుండి వచ్చిన బాలుడు గడప ముందు నిలిచిపోయాడు.

"తాతయ్యా, ఇది మన తలుపు మీద ఎందుకుంది? మా స్కూల్లో దీన్ని గియ్యకూడదు."

తాత సిద్ధంగా ఉన్న సమాధానమే చెప్పారు. "వాళ్ళది ఒక కొనమీద ఒరిగి నిలబడుతుంది నాన్నా. మనది నిటారుగా ఉంటుంది. రెండూ వేరు."

బాలుడు కాసేపు బల్ల దగ్గర తచ్చాడి, ఫిన్లాండ్ డెకాల్ పత్రాన్ని పైకెత్తి చూపాడు. తెల్లని వృత్తంలో నీలి స్వస్తికం. "ఇది కూడా నిటారుగానే ఉంది కదా తాతయ్యా?"

జీవితమంతా రేఖాగణితం బోధించిన ఆ పెద్దాయనకు తన సమాధానం కోణమానినితో కొలిచిన సమాధానమని అప్పుడు స్ఫురించింది. 1918 మార్చి 6న స్వీడన్ ప్రభువంశీయుడు ఎరిక్ ఫాన్ రోసెన్ ఫిన్లాండ్‌కు ఒక విమానాన్ని బహూకరించాడు. తనకు అదృష్టచిహ్నమని భావించిన నీలి స్వస్తికాన్ని దానిపై చిత్రింపజేశాడు. ఫిన్లాండ్ వాయుసేన దానినే తన గుర్తుగా స్వీకరించింది. అప్పటికి నాజీ పక్షం పుట్టనే లేదు. కాని అదే రోసెన్ తదనంతర కాలంలో జర్మన్ వాయుసేనాధిపతి గోరింగ్‌కు తోడల్లుడయ్యాడు. ఆ ఫిన్లాండే జర్మనీ సరసన సోవియట్ దేశంతో యుద్ధం చేసింది. 1944లో జర్మన్ సేనలనే తన భూమి నుండి తరిమింది. నీలి స్వస్తికం, నల్ల స్వస్తికం ఒకప్పుడు ఒకే పక్షాన, మరొకప్పుడు ఎదురెదురుగా నిలిచాయి. 1945లో ఫిన్లాండ్ తన విమానాలపై దానిని తొలగించి నీలి, తెలుపు వలయాలను వేసుకుంది. ఇంతటి చరిత్రను ఒక కోణభేదంతో విభజించడం సాధ్యం కాదు.

ఆ రాత్రి ఆయనకు మీమాంసకులు చెప్పే వృద్ధవ్యవహారం జ్ఞప్తికి వచ్చింది. "ఆవును తీసుకురా" అని ఒక పెద్ద అంటే మరొకరు ఆవును తెస్తారు. చూస్తున్న శిశువు ఆ మాటకు అర్థాన్ని ఆ క్రియనుండి గ్రహిస్తాడు. ఉపాధ్యాయుడు స్వస్తికాన్ని తన తల్లి పసుపు చేతులనుండి నేర్చుకున్నారు. 1940 మే 14న రోటర్‌డామ్‌లో ఉన్న శిశువు దానిని తన నగరంపై బాంబులు కురిపించిన విమానాల తోకలనుండి నేర్చుకున్నాడు. మ్యూనిక్ బాలుడు పాఠశాలలో గురువులు ఆ దారుణాన్ని దాచకుండా చెప్పగా నేర్చుకున్నాడు. ఎవరి అర్థమూ భ్రాంతి కాదు. చిహ్నం నిర్దోషమని వాదించి రోటర్‌డామ్ శిశువును ఊరడించలేము. చిహ్నం దుష్టమని ఒప్పుకొని తల్లి చేతులను నిందించలేము.

మరునాడు ఆయన మనుమనితో, "నిన్న నేను చెప్పింది సరి కాదు. తేడా గీతల్లో లేదు, దాన్ని పెట్టుకున్నవాళ్ళు చేసిన పనిలో ఉంది" అన్నారు. తరువాత ఇద్దరూ బల్లముందు కూర్చున్నారు. రెండు నల్లని ఖండాలను ఆయన స్వహస్తంతో తోకపై కలిపారు. అది లేకుండా నిలిపితే, ఆ యంత్రం ఎవరి పక్షాన ఎగిరిందో మరుగుపరచినట్లవుతుందని ఆయనకు తోచింది. నీలి చిహ్నాన్ని బాలుడు అంటించాడు. అది కొంచెం పక్కకు జరిగింది. సరిదిద్దే లోపల పొర పట్టుకుంది, అలాగే ఉండనిచ్చారు.

తిరుగు ప్రయాణంలో ఫిన్లాండ్ విమానాన్ని తీసుకువెళతానని బాలుడు అడిగాడు. తల్లి అంగీకరించలేదు, అక్కడ ప్రతివారికీ ఈ కథంతా చెప్పలేమన్నది. ఆ మాటలోనూ సత్యం ఉంది. రెండు విమానాలూ హైదరాబాదు అలమరలోనే, వార్నిష్ క్రింద శాశ్వతంగా బంధింపబడిన తమ గుర్తులతో ఉండిపోయాయి.

తలుపుపై కుంకుమ గుర్తుకు అటువంటి రక్షణ ఏదీ లేదు. వారం తిరిగేలోగా రాలిపోతుంది. వారు బయలుదేరిన శుక్రవారం ఉదయం అమ్మమ్మ తలుపు తుడిచి స్వస్తికాన్ని మళ్ళీ వేసింది. నాలుగు చుక్కలు పెట్టమని కుంకుమ గిన్నె మనుమని చేతికిచ్చింది. అతడు ఒక్క క్షణం తాతవైపు చూసి, తరువాత పెట్టాడు.