నేను, అన్న, ఒక వీడియో గేమ్

మొన్న సంక్రాంతికి ఆళ్ళగడ్డ వెళ్తే అమ్మ అటక దులపమంది. పాత పేపర్ల కింద మా వీడియో గేమ్ దొరికింది! 2005లో నాయన నంద్యాలలో కొనిచ్చాడు. మీలో చాలామందికి గుర్తుండే ఉంటుంది. క్యాసెట్ మీద '9999999 ఇన్ 1' అని ఉంటుంది, లోపల అవే పది ఆటలు తిరిగి తిరిగి వస్తాయి :-) స్టార్ట్ బటన్ ఉన్న రిమోట్ కోసం నాకూ అన్నకూ రోజూ కొట్లాటే.

నిజానికది 1983లో జపాన్‌లో నింటెండో తెచ్చిన ఫ్యామికామ్‌కి నకలు. 8 బిట్ల ప్రాసెసర్, మెమరీ 2 కిలోబైట్లు. మా ఆఫీసులో ఒక్క ఎర్రర్ మెసేజే అంతకంటే పెద్దది!

నాలుగు నెలలకే ఆగిపోయింది. చివరగా స్విచ్ వేసింది అన్నే కాబట్టి నాయన అన్నని ఉతికేశాడు.

బెంగుళూరు తెచ్చుకుని విప్పాను. అసలు చిప్ నల్లటి ముద్ద కింద ఉంటుంది, అది పోతే ఇక అంతే, మార్చలేం. భయపడుతూనే మల్టీమీటర్ పెట్టాను. 7805 అని మూడు కాళ్ళ రెగ్యులేటర్ ఒకటుంటుంది, అడాప్టర్ నుంచి వచ్చే 9 వోల్టుల్ని 5కి దించుతుంది. దాన్నుంచి ఏమీ రావట్లేదు. ఇరవై రూపాయలకి కొత్తది వేశాను, ఉబ్బిన కెపాసిటర్ మార్చాను. మారియో వచ్చేశాడు! పాపం, రెగ్యులేటర్ తాను పోయి చిప్‌ని కాపాడింది.

మరి అదెందుకు పోయింది? కవర్లో రెండు అడాప్టర్లున్నాయి. రెండోది టేప్ రికార్డర్‌ది. పిన్ను ఒకటే, కానీ ప్లస్సు మైనస్సు తిరగబడి ఉన్నాయి. అప్పుడు గుర్తొచ్చింది. అన్న ట్యూషన్‌కి పోతూ గేమ్ అడాప్టర్ దాచేవాడు. ఒక మధ్యాహ్నం నేను టేప్ రికార్డర్‌ది పెట్టాను. బొమ్మ రాలేదు. తీసేసి, ఎవరికీ చెప్పలేదు. సాయంత్రం అన్నకి దెబ్బలు పడుతుంటే తలుపు వెనక నిలబడి చూశాను.

రాత్రే ఫోన్ చేశాను.

"అన్నా, ఆ గేమ్ చెడగొట్టింది నేను."

"తెల్సులేరా. టేప్ రికార్డర్ అడాప్టర్ ఆడనే పడుండె."

"మరి నాయనకి చెప్పలేదేం?"

"నాకెట్లా పడినాయి కదా, మళ్ళా నీకెందుకని."

ఇరవై ఏళ్ళు ఒక్కసారి కూడా ఎత్తలేదు!

ఉగాదికి డబ్బా ఊరికి తీసుకెళ్తున్నా. స్టార్ట్ బటన్ ఉన్న రిమోట్ అన్నకే.