చార్మినారు రాత్రి

హరిశ్చంద్రపురంలో రాత్రి తొమ్మిదయితే వీధి తలుపులు పడతాయి. హైదరాబాదులో, అందులోనూ రంజాను నెలలో, 1591 నాటి చార్మినారు చుట్టూ అప్పుడే పొద్దు పొడిచినట్టుంటుంది! గాజుల దుకాణాలు, హలీం బట్టీలు, ఇసకవేస్తే రాలని జనం. హాస్టల్లో ఒక్క మంచం అద్దెకు తీసుకుంటే మిగిలిన డబ్బు ఇరానీ చాయికీ, ఉస్మానియా బిస్కత్తుకూ సరిపోతుంది. డికాక్షను మూతపెట్టి సన్నసెగమీద మరుగుతుంది. పాలు వేరే గిన్నెలో చిక్కబడతాయి. రెండూ కలిసేది కప్పులోనే.

కప్పులు తీస్తున్న పాతికేళ్ల కుర్రవాడు నా యాస పట్టేశాడు. “బాబూ, మీది సికాకులమేనా?” ఉద్దానం వాడే! 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను వాళ్ల కొబ్బరితోటను కూల్చేసింది. కొత్త మొక్క కాపుకు రావడానికి ఏళ్లు పడుతుంది. కడుపు అంతవరకూ ఆగదు కదా!

మనకు కాలక్షేపమైన ఆ రాత్రి అతనికి జీవనం. చాయి తప్పక తాగండి. కప్పు తీసేవాణ్ణి ఏ ఊరని ఒక్కమాట అడగండి.