ఆవుల ట్రైలర్ డైరీ

మార్చి 2, 2025. డెంటన్ కౌంటీ, టెక్సాస్

బావ ఆవులు బేరం చేశాడు. ఇక్కడ భూమిని సాగులోనో పశువుల మేతకో వాడుతుంటే ఆస్తిపన్నుకు దాని విలువ తక్కువ లెక్కన కడతారు. ఎకరాలు కొన్న మనవాళ్ళలో కొందరికి గోసేవ మీద గాలి మళ్ళింది అందుకే! ఆవులకన్నా ముందు 20 అడుగుల పాత ఇనప ట్రైలర్ దిగింది, గూస్‌నెక్ రకం. దాని మెడ ట్రక్కు బెడ్‌లోకి వంగి ఒక ఇనప బంతి మీద కూర్చోవాలి. బావ ఎఫ్-250 డీజిల్ బండిలో ఆ బంతి లేదు.

మార్చి 8

బంతికి బదులు ఫిఫ్త్ వీల్ హిచ్ వేయిద్దామా అన్నాడు బావ. అది ఆర్.వి.ల వాళ్ళకు. బెడ్ మధ్యలో పెద్ద దిమ్మలా కూర్చుంటుంది, గడ్డి మోపులకు చోటుండదు. కన్సాస్ రాష్ట్రం హంబోల్ట్‌లో బి అండ్ డబ్ల్యూ వాళ్ళు చేసే టర్నోవర్‌బాల్ నచ్చింది. పని అయ్యాక బంతిని పీకి తలకిందులుగా అదే గుంటలో పెడితే బెడ్ చదునుగా ఉంటుంది. బంతి సైజు 2 5/16 అంగుళాలు, మన ట్రైలర్ కప్లర్‌దీ అదే.

మార్చి 9

పెట్టె మీద 30,000 పౌండ్లు అని చూసి బావ మురిసిపోయాడు.

“అంత లాగుతుందని వాళ్ళే రాశారు కదరా!”

“అది బంతి సంగతి బావా. బండి సంగతి డ్రైవర్ డోరు దగ్గర రాసి ఉంది.”

డోరు తీసి స్టిక్కర్ చదివించాను: మనుషులూ సామానూ కలిపి 2,310 పౌండ్లు మించరాదు. డీజిల్ ఇంజిన్ బరువు ముందే ఇందులో కొంత తినేసింది. మేమిద్దరం, పనిముట్లు 400. బంతి, దాని దూలాలు అన్నీ కలిపిన హిచ్ సుమారు 110. మిగిలింది 1,800. గూస్‌నెక్ ట్రైలర్ తన మొత్తం బరువులో 15 నుంచి 25 శాతం బంతి మీద మోపుతుంది. 20 శాతం వేసుకుంటే 9,000 పౌండ్ల ట్రైలర్‌తోనే మన కోటా పూర్తి. ఖాళీ ట్రైలరే 4,400. ఆవుకు 1,200 చొప్పున మూడు ఎక్కుతాయి. నాలుగోదానికి ట్రైలర్‌లో చోటుంది, లెక్కలో లేదు.

బావ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, “రెండుసార్లు తోలుదాంలే” అన్నాడు.

మార్చి 15

బిగింపు. స్పేర్ టైరు దించాం, వెనక చక్రాల దగ్గర ప్లాస్టిక్ మూతలు ఊడదీశాం. డ్రిల్ ముట్టుకునే ముందు కింద దూరి బ్రేకు పైపులు, ఇంధనం పైపులు, వైర్లు ఎటు పోతున్నాయో చూసుకున్నాం. కొలత ఒకటికి మూడుసార్లు. కొత్త బండి బెడ్‌కి 4 అంగుళాల బెజ్జం పెట్టడానికి ఎవరికైనా చెయ్యి వణుకుతుంది. బావ అటు తిరిగి నిలబడ్డాడు. 2017 నుంచి ఈ బళ్ళ బెడ్ అల్యూమినియం, సులువుగానే తెగింది. రజను ఏరడానికి అయస్కాంతం పనికిరాదు, చీపురే గతి.

బరువు మోసేది బెడ్ రేకు కాదు. కింద రెండు అడ్డ దూలాలు, వాటి మధ్య బంతి గుంట, అన్నీ ఫ్రేమ్‌కు బోల్టులతోనే. వెల్డింగ్ లేదు. టార్క్ రెంచ్‌తో పుస్తకంలో చెప్పినంతే బిగించాం. సేఫ్టీ చెయిన్లకు పక్కన రెండు యు-బోల్టులు.

మార్చి 16

బెడ్ గోడకు ఏడు పిన్నుల ప్లగ్ పెట్టాం. లైట్లు, ట్రైలర్ బ్రేకులు పనిచేస్తున్నాయి. అంతే.

మార్చి 29

మూడు ఆవులు వచ్చాయి. తగిలించాక కప్లర్ పిన్ను, చెయిన్లు, ట్రైలర్ ఊడితే దానంతటదే బ్రేకు పట్టే తీగ, వరసగా చూసుకుని, బ్రేకు పట్టి ముందుకు ఓసారి లాగి, అప్పుడు కదిలాం. బరువు వెనక యాక్సిల్ పైనే పడటం వల్ల హైవే మీద ట్రైలర్ తోక ఊపలేదు. కానీ మలుపులో మాత్రం బండి చక్రాల దారి తప్పి లోపలికి కోసుకొస్తుంది, గేటు దగ్గర వెడల్పుగా తిప్పాలి. ఇంటికొచ్చాక బోల్టులన్నీ మళ్ళీ రెంచ్‌తో సరిచూశాం.

పశువులకూ గడ్డికీ ఒకే బండి వాడేవాళ్ళకు గూస్‌నెక్కే మేలు. నాలుగు ఆవుల్ని ఒకేసారి తేవాలనుకుంటే మార్చాల్సింది హిచ్ కాదు, బండి.