పొగ ఎక్కువై మన దొరలే కనపడలేదు

అత్తిలి హాస్టల్ నుంచి రాస్తున్నాం. మా ఇళ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. నాటకం వేయడమూ ఇదే మొదలు.

ఆగస్టు 9న ఆదివాసీ దినోత్సవానికి, 1922 ఆగస్టు 22 నాటి చింతపల్లి పోలీస్ స్టేషన్ దాడిని నాటకంగా వేశాం. అల్లూరి పేరు అందరికీ తెలుసు. పక్కనున్న గాం గంటందొర, గాం మల్లుదొర ఎంతమందికి తెలుసు? మల్లుదొర 1952లో లోక్‌సభకు గెలిచారని మాకే అప్పటిదాకా తెలీదు. అందుకే ఆ ఇద్దరూ కనపడాలని పట్టుబట్టాం.

అడవిలో మంచు చూపించాలని స్మోక్ మెషీన్ అద్దెకు తెచ్చాం. నొక్కగానే గుప్పుమని పొగ! "ఇంకా కొట్టరా" అనుకున్నాం. ఈలలు పడ్డాయి. తీరా దొరలు స్టేజీ ఎక్కేసరికి మొహాలే కనపళ్లేదు. ముందు కూర్చున్న ఆయాసం ఉన్న చెల్లి దగ్గుకుంటూ బయటికెళ్లిపోయింది. తప్పు మెషీన్‌ది కాదు, మాది.

తర్వాత అడిగి తెలుసుకున్నాం. మనకు కావాల్సింది హేజ్ మెషీన్ అంట. రెండింట్లోనూ గ్లైకాల్ లాంటివి కలిసిన లిక్విడే పోస్తారు. స్మోక్ మెషీన్ దాన్ని వేడిచేసి దట్టంగా వదులుద్ది. హేజ్ సన్నని తుంపర, పల్చగా పరుచుకుని చాలాసేపు గాల్లో నిలబడుద్ది. లైటు వేస్తే కిరణాలు గీతల్లా కనపడతాయి, మనిషీ కనపడతాడు. మన కొండల మీద తెల్లారి మంచు అలాగే కదా ఉండేది!

మీరూ వేస్తే ఇవి గుర్తుపెట్టుకోండి. ఆ మెషీన్‌కి చెప్పిన లిక్విడే పోయండి. ఆట మొదలవకముందే ఆన్ చేసి, చిన్న ఫ్యాన్‌తో హాలంతా పరుచుకోనివ్వండి. ఆరుబయట గాలికి నిలవదు. పొగ అలారం ఉంటే మోగొచ్చు, ముందే చెప్పండి. ఆయాసం ఉన్నవాళ్లను అడిగి తలుపు దగ్గర కూర్చోబెట్టండి. పెళ్లిళ్లలో వాడే డ్రై ఐస్ మూసిన గదిలో వద్దు. దాన్నుంచి వచ్చే కార్బన్ డయాక్సైడ్ నేలబారునే ఉంటది, కింద కూర్చున్న పిల్లలకు ఊపిరాడదు.

కాలేజీ వార్షికోత్సవానికి మళ్లీ వేశాం, ఈసారి హేజ్‌తో. ఈలలు పడలేదు. అయిపోయాక హాస్టల్లో వంటచేసే అమ్మ వచ్చి, "రాజుగారి పక్కనున్నాయన ఎవరయ్యా?" అని అడిగింది.

"గంటందొర, అమ్మా. మనోడే" అన్నాం.

జోహార్ గంటందొర! జోహార్ మల్లుదొర!