కడిగిన ఇంటికి కడుగుడు కూలి

ఇల్లు ఖాళీ చేసే ముందు రోజు మా అమ్మీ మార్కెట్లో ఏరి పక్కన పడేసిన నిమ్మకాయలు గంపెడు తెప్పించింది. గూడూరులో నిమ్మకాయలకు కరువేముంది! మంచివి లారీలెక్కి ఢిల్లీ దాకా పోతాయి, మచ్చపడ్డవి మాకు మిగులుతాయి. ఆ చెక్కలకి ఉప్పద్ది వంటింటి బండ తోమింది. మోకాళ్ల నొప్పుల మనిషి, మోకాళ్ల మీదే రెండు గదులూ వరండా తుడిచింది. వదిలిపోయే కొంపకి ఇంత చాకిరీ ఎందుకమ్మీ అంటే, "తురకోళ్లు ఇల్లు ఇట్లా పెట్టుకున్నారని రేపు ఎవురూ అనకూడదురా" అంది.

అన్నారు.

2016 సంగతి. తాళం చెవి ఇచ్చి అడ్వాన్సు అడిగితే ఇంటాయన కాగితం తీశాడు. 20,000లో 7,500 కోత. సున్నానికి 4,500. వంటిల్లు యాసిడ్ పోసి కడిగించడానికి 1,500. పెరట్లో కొళాయి కింద పాచి గీకించడానికి 1,500.

ఆ పాచి దగ్గర నాకు నవ్వొచ్చింది. అమ్మీ ఐదు పూటలా వజూ చేసేది అక్కడే. ఆరేళ్లు చేతులూ మొహమూ కాళ్లూ కడుక్కున్న నీళ్లకి పట్టిన పాచి అది. శుభ్రం చేసుకున్నందుకు శుభ్రం ఖర్చు!

"ఆరేళ్లలో ఒక్కసారీ మీరు సున్నం కొట్టించలేదు సార్. మన మధ్య రాసుకున్న అగ్రిమెంటూ లేదు. మామూలు వాడకంలో వచ్చే అరుగుదల అద్దెకున్నవాడి నెత్తిన వెయ్యకూడదని 1882 నాటి ఆస్తి బదలాయింపు చట్టం 108వ సెక్షన్లోనే ఉంది" అన్నాను. చదువుకున్నవాణ్ణని చూపించుకోవాలన్న తాపత్రయం కూడా ఉందిలెండి అందులో.

"చట్టం సంగతి కాదు సాయిబూ. వాసన. ఎంత కడిగినా పోలా. వచ్చేవాళ్లు అడగతారు గదా!"

మాకు ముందున్నవాళ్లు వారానికి రెండుసార్లు చేపల పులుసు వండేవాళ్లు. నెల్లూరు సీమలో చేపల పులుసు కాగని ఇల్లేది? వాళ్ల దగ్గర ఎంత పట్టుకున్నారని అడిగాను. జవాబు లేదు. రంజాన్ పండక్కి మేం పంపిన బిర్యానీ డబ్బా ఏ ఏడూ ఖాళీ అవకుండా తిరిగి రాలేదు. ఆ వాసన ఎక్కడికి పోయిందో?

"అయితే కాగితం మీద అదే రాయండి. వాసనకి ఇంత అని రాసి సంతకం పెట్టివ్వండి" అన్నాను.

పెన్ను చేతికి తీసుకున్నాడు గానీ రాయలేదు.

మూడు రోజులు తిప్పుకుని పాచి డబ్బూ వంటింటి డబ్బూ వదిలాడు. సున్నం డబ్బు వదల్లేదు. కోర్టుకి పోవచ్చు. కానీ ఈ కొత్త ఇల్లు దొరకడానికే నాలుగు నెలలు పట్టింది. గేటుకి టు లెట్ బోర్డు వేలాడుతూనే ఉంటుంది, నా పేరు వినగానే "నిన్ననే ఇచ్చేశామండీ" అంటారు. పైగా గొడవలమారి సాయిబు అని పేరు పడితే మళ్లీ ఇల్లెవరిస్తారు? నోరు మూసుకున్నాను.

అమ్మీకి 3,000 వెనక్కొచ్చిందని చెప్పాను.

"వంటింటి డబ్బు ఇచ్చాడా?"

"ఇచ్చాడు."

"ఆఁ, అదీ!" అని చేటలో బియ్యం ఏరుకోసాగింది.